వెనక మెట్టు మీద గిన్నెలు

మా మేనత్తని ఇంట్లో అందరం రుద్దుడత్త అంటాం. చాటుగా కాదు, ఎదురుగానే అంటాం. ఆవిడకి కోపం రాదు సరికదా, కొత్తవాళ్ళెవరైనా ఆ పేరు విని నవ్వితే, "నవ్వడానికేం గానీ, మీ పొయ్యి వెనక గోడ ఈమధ్య చూసుకున్నారా?" అని అడుగుతుంది. చూసుకోని వాళ్ళే ఎక్కువ. అక్కడితో నవ్వు ఆగిపోతుంది.

ఊరికి ఎగువన, కొండ వాలులో ఉన్న వాటర్ వర్క్స్ ఆవరణని శుభ్రంగా ఉంచే ఉద్యోగం ఆవిడది. ముప్ఫై ఒక్కేళ్ళు చేసింది. అదే ఆవరణలో, పంపుల గది పక్కనున్న ఆఫీసులో నేను గుమాస్తాని. అందువల్ల ఈ కథలో నేను విన్నదానికన్నా కళ్ళారా చూసిందే ఎక్కువ. జరిగిన పొరపాటులో నా వాటా కూడా ఉంది. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటే నాకు తేలిగ్గా ఉంటుంది.

మా దగ్గర మూడు పెద్ద ట్యాంకులున్నాయి, సగం భూమిలోకి దిగి, చుట్టూ రాతిగోడలతో. ఒకదానినుంచి ఇంకోదానికి రాతి మెట్లు. ఏడాదిలో సగం రోజులు మబ్బు దిగివచ్చి, పిలవని చుట్టంలా ఆవరణలోనే కూర్చుంటుంది. అలాంటి చోట రాయి రాయిలా ఉండమంటే ఎలా ఉంటుంది? గోడకీ, మెట్టుకీ, గొట్టానికీ పాచే. ఆ పాచికీ మా అత్తకీ పుట్టుపగ. ఆవిడ బకెట్లో ఎప్పుడూ మూడు బ్రష్షులుండేవి. పెద్దది తీగలది, గోడలకి. దానికన్నా చిన్నది మెట్ల అంచులకి. మూడోది పళ్ళు తోముకునేది, రాళ్ళ మధ్య సందుల్లోకి. ఆవిడ రుద్దిన గోడ మీద ఈగ వాలితే జారి పడాల్సిందే.

వాళ్ళ ఇంట్లోనూ అంతే. మామయ్య దర్జీ. కింద కుట్టు కొట్టు, పైన రెండు గదుల ఇల్లు. వంట మామయ్యదే. ఎందుకంటే అత్త వంటకి దిగితే, వంట సగంలో ఉండగానే గరిటె తోమేసి బోర్లిస్తుంది. తర్వాత కూర కలపడానికి మళ్ళీ ఆ గరిటే తీసి, మళ్ళీ తోముతుంది. "నీ వంటకి నీళ్ళు ఎక్కువ, కూర తక్కువ," అని మామయ్య ఆవిణ్ణి పొయ్యి దగ్గరికి రానివ్వడం మానేశాడు. పెళ్ళయిన పధ్నాలుగేళ్ళకి వాళ్ళకి ఒక ఆడపిల్ల పుట్టింది. మేము దాన్ని చిట్టి అంటాం. ఇప్పుడు బస్సు కండక్టరు. అరిస్తే బస్సు బస్సంతా ముందుకి జరుగుతుంది. ఇప్పటికీ చిట్టే.

ఇప్పుడు మా వాటర్ వర్క్స్ పద్ధతి ఒకటి చెప్పాలి. ఏటా ఒకసారి పై ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్షన్‌కి వస్తారు. దానికి వారం ముందు మా సూపర్వైజరు గారు సుద్దముక్క పట్టుకుని ఆవరణంతా తిరుగుతారు. ఎక్కడ మురికి కనబడితే అక్కడ చుట్టూ ఒక సున్నా గీస్తారు. సున్నా అంటే ‘ఇది రుద్దు’ అని. అత్త రుద్ది, తడిగుడ్డతో ఆ సున్నాని తుడిచేస్తుంది. సూపర్వైజరు గారు మళ్ళీ తిరిగి, ఎక్కడా సున్నా లేదని చూసుకుని, పనుల పుస్తకంలో ఒక్కో చోటుకీ ఎదురుగా అత్త చేత సంతకం పెట్టిస్తారు. సున్నా లేకపోతే పని అయినట్టే. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. సూపర్వైజరు గారికన్నా పాతది.

ఆ పుస్తకంలో చివరి గడి పేరు ‘లోపాలు’. ముప్ఫై ఒక్కేళ్ళుగా మా అత్త పేరుకి ఎదురుగా ఆ గడి ఖాళీ. ఆ ఏడాది ఇన్‌స్పెక్షన్ అయిన రెండు నెలలకి ఆవిడ రిటైరవ్వాలి. ఆ రోజు ఆ ఖాళీ గడి గురించి అందరి ముందూ చదువుతామని సూపర్వైజరు గారు ముందే చెప్పేశారు. ఎంత నిప్పులాంటి మనిషైనా పొగడ్తకి కరగకుండా ఉంటుందా? అత్త ఆ రోజు కోసం కొత్త చెప్పులు కొని, పెట్టెలోంచి తీయకుండా, రోజూ మూత తెరిచి చూసుకునేది.

సరిగ్గా అప్పుడే బోటనీ మేష్టారు వచ్చారు.

కాలేజీలో చెట్ల పాఠాలు చెప్పే మనిషి. సన్నగా, కొంచెం వంగి, మెడలో దారానికి కట్టిన భూతద్దంతో ఉంటారు. పదకొండేళ్ళుగా ఏడాదికోసారి ఒక పర్మిషన్ లెటర్ తెచ్చి ఆఫీసులో ఇచ్చి, మూడో ట్యాంకు వెనక గోడ దగ్గరికి వెళ్ళి, సాయంత్రం దాకా ఏదో చూసుకుని వెళ్ళిపోయేవారు. ఏం చూస్తారో మేమెవరం అడగలేదు. ఆ గోడని మాత్రం రుద్దొద్దని లెటర్లో రాసి ఉండేది. ఆ లెటర్ ఏటా నా ఫైల్లో భద్రంగా ఉండేది. సూపర్వైజరు గారికి తెలుసు కాబట్టి ఆ గోడ మీద ఎప్పుడూ సున్నా గీయలేదు. సున్నా లేదు కాబట్టి అత్త ఎప్పుడూ అటు వెళ్ళలేదు. అంతా సవ్యంగానే జరిగిపోయేది.

ఆ ఏడాది మాత్రం, ఆయన గుర్తుకోసం కొట్టుకున్న మేకులు తుప్పుపట్టి రాలిపోయాయట. ఫోటోలు తీయాలని ఒక్కో పాచి గుంపు చుట్టూ సుద్దముక్కతో సున్నా గీశారు. పధ్నాలుగు సున్నాలు. అంతలో మబ్బు దిగి వెలుతురు పోయింది. "రేపు పొద్దున వచ్చి తీసుకుంటానమ్మా," అని నాతో చెప్పి వెళ్ళారు. ఆయన సున్నాలు గీస్తుంటే నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, టీ గ్లాసు చేతిలో పట్టుకుని. ఆరేళ్ళుగా అక్కడ పనిచేస్తున్నదాన్ని, ఇన్‌స్పెక్షన్ వారంలో సుద్ద సున్నాకి అర్థమేంటో తెలిసినదాన్ని, నా బుర్రకి తట్టలేదు. టీ బాగుందని మాత్రం అనుకున్నాను.

మర్నాడు పొద్దున ఆరింటికి అత్త వచ్చి ఆ పధ్నాలుగు సున్నాలూ చూసింది.

తొమ్మిదింటికి మేష్టారు కెమెరా భుజానికి తగిలించుకుని వచ్చారు. గోడ దగ్గర నిలబడి అటు చూశారు, ఇటు చూశారు. మెట్లెక్కి రెండో ట్యాంకు వెనక్కి వెళ్ళి, ఇది ఆ గోడా కాదా అని సరిచూసుకుని మళ్ళీ వచ్చారు. అత్త బకెట్ బోర్లిస్తోంది.

"చూసుకుని నడవండి మేష్టారూ, జారుతుంది. ఇప్పుడే కడిగాను," అంది.

"మీరే కడిగారా?"

"నేను కాక ఇంకెవరు? పధ్నాలుగూ కడిగాను. సందుల్లో కూడా ఒక్కటి మిగల్చలేదు."

మేష్టారు ఆ తడి రాళ్ళ మీదే కూలబడ్డారు. "చాలా బాగా కడిగారమ్మా," అన్నారు.

అత్త దాన్ని మెప్పు అనుకుంది. తీగల బ్రష్షుని రాయి పొడుగునా కాదు, అడ్డంగా రుద్దాలనీ, లేకపోతే మురికి సందుల్లోకి పోయి దాక్కుంటుందనీ ఆయనకి పావుగంట పాఠం చెప్పింది. ఆయన మొత్తం విన్నారు. మధ్యలో తల కూడా ఊపారు. ఆయన అరిచి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

నేను పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. "అత్తా, అవి సూపర్వైజరు గారి సున్నాలు కావు. మేష్టారివి. ఆ గోడ రుద్దొద్దని లెటర్ ఉంది."

"లెటర్ ఎక్కడుంది?"

"నా ఫైల్లో."

"నీ ఫైలు చదువుకుంటూ రుద్దుతానా నేను?" అంది. న్యాయమైన ప్రశ్నే.

ఆవిడ మేష్టారి వైపు తిరిగింది. "ఏం పోయాయండీ? పాచే కదా? మళ్ళీ వస్తుంది. నా అనుభవంలో అది రాకపోవడం అంటూ లేదు."

ఆయన గోడ అడుగున వెతికి, ఒక రాయి కింద చాటున మిగిలిన గోరంత ముక్కని చూపించి, భూతద్దం ఆవిడ చేతిలో పెట్టారు. అత్త మోకాళ్ళ మీద వంగి చూసింది. నేనూ తర్వాత చూశాను. ఎండిన ఆకులా కనబడే ఆ బూడిదరంగు పచ్చటి దానిలోంచి సన్నటి కాడలు లేచి ఉన్నాయి, ఒక్కో కాడ చివరా ఒక గిన్నె. నిజంగా గిన్నే. గుండ్రటి అంచు, లోపల గుంట, గుంటలో పిండి చల్లినట్టు పొడి. అగ్గిపుల్ల తలకాయంత కూడా లేని గిన్నెలు, అటూ ఇటూ వాలి, పెళ్ళిభోజనాలు అయిన ఇంటి పెరడులా ఉంది.

"అమ్మో, ఇన్ని గిన్నెలా! ఇవన్నీ ఎవరు తోముతారు?" అంది అత్త.

మేష్టారికి అంత బాధలోనూ నవ్వొచ్చింది. "వాన తోముతుందమ్మా. చినుకు గిన్నెలో పడితే లోపలి పొడి చింది, నాలుగు వేళ్ళ దూరంలో పడుతుంది. పడినచోట ఇంకో కాపురం మొదలు."

వీటిని లైకెన్లు అంటారనీ, ఇవి మొక్కలు కావనీ ఆయన చెప్పారు. ఒక్కోదాంట్లో ఇద్దరుంటారట. ఒకటి బూజు జాతి, ఇల్లు కట్టి, తడి నిలబెట్టి, ఎండకి కాపు కాస్తుంది. రెండోది నాచు జాతి, ఆ ఇంట్లో కూర్చుని ఎండతో వంట చేస్తుంది. ఈ బోసి రాయి మీద ఒకదాన్ని వదిలి ఒకటి బతకలేవు.

"మా ఇంట్లోనూ అంతే. వంట ఆయనది, గోడలు నావి," అంది అత్త.

"బోసి రాయి మీద ముందొచ్చి కూర్చునేవాటిలో ఇవీ ఉంటాయి. వీటి చాటున కాస్త మట్టి నిలుస్తుంది, కంటికి ఆనని పురుగులు తలదాచుకుంటాయి. ఆ మట్టిలో తర్వాత గడ్డి మొలుస్తుంది."

"అయితే ఆ గడ్డి కూడా వీటి పుణ్యమేనా! అది పీకీ పీకీ నా నడుం విరిగింది."

"పొగ ఎక్కువైతే ఇవి బతకవమ్మా. మన ఊళ్ళో ఇంకా ఉన్నాయంటే మన గాలి బాగున్నట్టు. కొన్ని పెద్దవైతే గిన్నె అంచు చుట్టూ ఎర్రటి బొడిపెలు కూడా వస్తాయి..."

ఎర్రటి అనే మాట వినగానే అత్త భూతద్దం దించేసింది. తేలు కుట్టిన దొంగలా బకెట్ తీసుకుని వెళ్ళిపోయింది. చేసిన పనికి సిగ్గుపడిందనుకున్నాను. అది సగమే నిజమని తర్వాత తెలిసింది.

ఆ రాత్రి ఆవిడ అన్నం తినలేదు. మర్నాడు కూడా కంచం ముందు కూర్చుని లేచిపోయింది. చిట్టి ఆ వారమంతా దూరపు బస్సులో డ్యూటీకి పోయింది. మామయ్య నాకు ఫోన్ చేసి, "మీ అత్త గరిటె తోమడం మానేసిందే. నాకు భయంగా ఉంది," అన్నాడు. మూడో రోజు అత్తే నా బల్ల దగ్గరికి వచ్చి, "ఆ మేష్టార్ని రమ్మను," అంది.

ఆయన వచ్చారు. అత్త నిలబడే అడిగింది. "మేష్టారూ, రుద్దినదాన్ని జిగురు పెట్టి అతికించలేను. మీ పదకొండేళ్ళు పోగొట్టాను. మీకేం కావాలో చెప్పండి, నా చేతనైతే తెచ్చిస్తాను."

మేష్టారు ఆవిణ్ణి కూర్చోబెట్టి చెప్పారు. పదకొండేళ్ళ కిందట ఆ గోడకి కొత్త రాళ్ళు పేర్చారు. అంటే ఆ రాళ్ళు ఏ రోజున బోసిగా ఉన్నాయో ఆయనకి తెలుసు. అక్కణ్ణుంచి ఏ ఏడు మొదటి పొలుసు వస్తుంది, ఏ ఏడు గిన్నె లేస్తుంది, ఏ ఏడు అంచు ఎర్రబడుతుంది అని బొమ్మలు వేసుకుంటూ వచ్చారు. గిన్నెలు వచ్చాయి. ఎర్ర అంచు కోసం ఎదురుచూస్తున్నారు. ఆయనా ఆ ఏడాదే రిటైరవుతున్నారు. "వీటి తొందర మన తొందర కాదమ్మా. మళ్ళీ మొదలుపెట్టేంత టైము నాకు లేదు. ఇంకెక్కడైనా, ఫలానా రోజున ఈ రాయి బోసిగా ఉందని ఖాయంగా తెలిస్తే పని జరుగుతుంది. కానీ అది ఎవరికి గుర్తుంటుంది?"

మూడు రోజుల తర్వాత అత్త మొదటిసారి నవ్వింది.

"రాయి ఎప్పుడు బోసిగా ఉందో, బోసి చేసినదానికి గుర్తుండదూ?" అంది.

ఆ తర్వాతి పది రోజులు నా ఉద్యోగంలో నాకు దొరికిన సెలవుల కన్నా బాగా గడిచాయి. ముందు అత్త, వెనక మేష్టారు, ఆయన వెనక పనుల పుస్తకం మోసుకుంటూ నేను. మా ఆవరణలో ఒకప్పుడు రుద్ది, తర్వాత కంచె జరిగో, దారి మారో వదిలేసిన చోట్లు చాలా ఉన్నాయి. అవన్నీ అత్త తలలో ఉన్నాయి, కాకపోతే తారీఖులుగా కాదు.

"ఈ పంపుల గది పాత పునాది చివరిసారి ఎప్పుడు రుద్దారమ్మా?"

"మా ఆయన చేతిలో సూది విరిగిందే, ఆ వారం."

"అది ఎప్పుడు?"

"మా అన్నయ్య కళ్ళద్దాలు పెట్టుకున్న ఏడాది," అంటే మా నాన్న. నేను నాన్నకి ఫోన్ చేసి, ఆయన అమ్మని అడిగి, అమ్మ ఇంకెవరినో అడిగి ఒక నెల తేల్చేవాళ్ళం. పుస్తకం తెరిస్తే అదే నెల. ఒక్కచోట కూడా తప్పలేదు. నాకే అనుమానం వచ్చి, మన చుట్టాల బతుకంతా ఈవిడ గోడల లెక్కలో జరిగిందా అనిపించింది. మేష్టారు పొట్ట మీద పడుకుని గిన్నెల ఎత్తు కొలిచేవారు. అత్త పక్కనే పడుకుని, "ఇదిగో ఇక్కడ రెండు, అదిగో ఆ మూలకి ఒకటి సొట్టది," అని చూపించేది. ఇన్నేళ్ళూ శత్రువుని వెతికిన కళ్ళు కదా, ఎక్కడ దాక్కుంటుందో వాటికి బాగా తెలుసు. మూడేళ్ళవి, అయిదేళ్ళవి, ఏడేళ్ళవి దొరికాయి. అన్నిటికన్నా పాతది తొమ్మిదేళ్ళది. దాని అంచు ఇంకా బూడిదరంగులోనే ఉంది.

పదో రోజు మేష్టారు నోట్సు మూసేశారు. "చాలమ్మా. మీరు పోగొట్టినదాంట్లో చాలా వరకు ఇచ్చేశారు. ఆ ఎర్ర అంచు సంగతి నా తర్వాత ఇంకెవరో చూస్తారు," అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను. పదకొండేళ్ళు ఒక పెళ్ళికి ఎదురుచూసి, మూడు ముళ్ళు పడే వేళకి బస్సెక్కి వెళ్ళిపోయే మనిషిలా ఉన్నారు.

అత్త చాలాసేపు కొంగు అంచు మడతపెడుతూ కూర్చుంది. లేచి నాతో, "సూపర్వైజరు గారిని పిలువు. రెండుసార్లు చెప్పే ఓపిక నాకు లేదు," అంది.

ఆయన వచ్చారు. అత్త మమ్మల్ని ముగ్గుర్నీ వాల్వు గది వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడ ఎవరూ వెళ్ళని ఒక వెడల్పాటి రాతి మెట్టు ఉంది. పుస్తకంలో దానికి ఏటా ఒక వరస: ‘వాల్వు గది వెనక మెట్టు, రుద్దడమైనది.’ ఎదురుగా అత్త సంతకం.

మెట్టు మీద ఈ చివర నుంచి ఆ చివరికి గిన్నెలు. భూతద్దం లేకుండానే కనబడేంత. ప్రతి గిన్నె అంచుకీ చుట్టూ ఎర్రటి బొడిపెలు, పొద్దున పడిన తడికి మెరుస్తున్నాయి. మేష్టారు పొట్ట మీద పడుకుండిపోయారు.

"ఇదేంటి?" అన్నారు సూపర్వైజరు గారు.

"నేను రుద్దలేదండీ."

"ఈ ఏడాదా?"

"ఈ ఏడాది రుద్దలేదు. పోయిన ఏడాదీ రుద్దలేదు. అంతకుముందూ రుద్దలేదు. పందొమ్మిదేళ్ళండీ."

"సున్నా మాత్రం ఉండేది కాదే!"

"సున్నా తుడిచేసేదాన్నండీ."

సూపర్వైజరు గారు నొచ్చుకున్నారు. మెట్టు మురికిగా ఉన్నందుకు కాదు, సున్నా ఆయన్ని మోసం చేసినందుకు.

అత్త చెప్పింది. అంత మెల్లగా ఆవిడ మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "ఆ మెట్టుకి మొదటిసారి సున్నా పడ్డ ఏడాది మా చిట్టికి మూడేళ్ళు. ఇంట్లో చూసేవాళ్ళు లేక వెంట తెచ్చుకున్నాను. మెట్టంతా రుద్దేశాను, ఒక్క మూల మిగిలింది, ఇంతే, నా బొటనవేలంత. అక్కడ పిల్ల ముక్కు ఆనించి చూస్తోంది. నేను బ్రష్షు ఎత్తగానే నా చెయ్యి పట్టుకుంది. ‘అమ్మా, గిన్నెలే! తోమకు, వాళ్ళింకా తింటున్నారు’ అంది. నాకు ఎర్రగా ఏదో చుక్కలు తప్ప ఏం కనబడలేదు. పిల్ల ఊహలే అనుకున్నాను. కానీ చెయ్యి రాలేదండీ. సున్నా తుడిచి సంతకం పెట్టేశాను. మరుసటేడు వచ్చి చూస్తే ఇంకాస్త పాకింది. ఇంకా తినడం అవలేదేమోలే అనుకున్నాను. ఏటా అదే అనుకున్నాను. మొన్న మేష్టారు అద్దం ఇచ్చాక తెలిసింది, పిల్ల చెప్పింది నిజమేనని. అవి గిన్నెలే."

మళ్ళీ తనే, "మొన్నే చెప్పాల్సింది. ఆ ఖాళీ గడి పోతుందని చెప్పలేకపోయాను. ఈ ఒక్క సంతకం అబద్ధమంటే మిగతావన్నీ అబద్ధాలే అనుకుంటారని కూడా భయమేసింది. అదీ నా సంగతి," అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా కళ్ళలోనూ తిరిగాయి, దాచడమెందుకు.

మేష్టారు పడుకునే తల ఎత్తారు. గడ్డానికి మట్టి. "మిగతా చోట్ల గిన్నెలు మీ తారీఖులకి సరిపోయాయమ్మా. అవి సాక్ష్యం చెప్పాక ఇంకెవరూ చెప్పక్కర్లేదు. ఆ రోజు ఈ మెట్టు ఆ మూల తప్ప అంతా బోసిగా ఉందా? ఖాయమా?"

"రుద్దింది నేనండీ!" అంది అత్త. కొంచెం పౌరుషంగానే అంది.

"అయితే ఆ మూలనుంచి చినుకు చినుకుకీ చింది మెట్టంతా పాకాయి. నేను పదకొండేళ్ళు పోయాయని ఏడుస్తుంటే మీరు పందొమ్మిదేళ్ళు చేతిలో పెట్టారు." ఆయన లేచి నిలబడి రెండు చేతులూ జోడించారు. "మీ అమ్మాయి అన్నదాంట్లో తప్పేం లేదమ్మా. ఆ లోపల వంట ఇంకా జరుగుతూనే ఉంది."

సూపర్వైజరు గారు మాత్రం రూలు రూలే అన్నారు. పుస్తకం తెప్పించి, ‘లోపాలు’ గడిలో తన చేత్తోనే రాశారు: ‘వాల్వు గది వెనక మెట్టు పందొమ్మిది సంవత్సరాలుగా రుద్దలేదు.’ సంతకం పెట్టి, కలం మూసి, జేబులోంచి సుద్దముక్క తీసి నాకిచ్చి, "ఇకమీదట ఆ మెట్టు దగ్గర నేను సున్నా గీస్తే నా చెయ్యి పట్టుకో," అన్నారు.

రెండు నెలల తర్వాత అత్త రిటైరైంది. పంపుల గది ముందు కుర్చీలు వేశాం. అత్త కొత్త చెప్పులు వేసుకుని, అవి కరుస్తుంటే పంటి బిగువున కూర్చుంది. ముప్ఫై ఒక్కేళ్ళ పని గురించి రాసిన కాగితం నేనే చదివాను. లోపాల దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించి గబగబా దాటించేయబోయాను. అత్త కుర్చీలోంచే, "వినపడలేదే. మళ్ళీ చదువు," అంది. మళ్ళీ చదివాను. మామయ్య చప్పట్లు మొదలుపెట్టాడు. మేష్టారు అందుకున్నారు. ఒక లోపానికి అన్ని చప్పట్లు మా ఆఫీసులో ఎప్పుడూ పడలేదు.

రెండు ట్రిప్పుల మధ్య చిట్టి యూనిఫారంలోనే పరిగెత్తుకుంటూ వచ్చింది, భుజాన టిక్కెట్ల సంచీతో. అత్త దాన్ని చెయ్యి పట్టుకుని వెనక మెట్టు దగ్గరికి లాక్కెళ్ళి, మేష్టారి భూతద్దం ఇచ్చి, మోకాళ్ళ మీద కూర్చోబెట్టింది. చిట్టి చాలాసేపు చూసింది.

"ఎంత బాగున్నాయమ్మా! గిన్నెల్లా ఉన్నాయి," అంది.

"నువ్వే కదే చెప్పావు. తోమకు, వాళ్ళింకా తింటున్నారు అని."

"నేనా? ఎప్పుడన్నాను? నాకేం గుర్తులేదు," అంది చిట్టి, నిజంగానే తెల్లమొహం వేసి.

అత్త వంగి దాని మోకాలికి అంటిన మట్టిని కొంగుతో తుడిచింది.

"నీకు గుర్తులేకపోతే పోయిందిలే. పందొమ్మిది సంతకాలు పెట్టింది నేను," అంది.